సందేహాలు - సమాధానాలు: సూపర్‌హీరో పుస్తకంలో ఎలా ఉన్నాడు, తెర మీద ఎలా అయ్యాడు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కర్ణాటకలోని రాయచూరు జిల్లా నుంచి వచ్చాయి. సింధనూరు క్యాంపుల్లో, మాన్వి, లింగసుగూరు, దేవదుర్గ ఊళ్లలో, రాయచూరు పట్టణంలో ఉండే తెలుగువాళ్లు రాసినవి. దాదాపు అందరి గొడవా ఒకటే. కామిక్ పుస్తకంలో చదివిన సూపర్‌హీరో సినిమాలో ఎందుకు మారిపోయాడు, మార్చడం న్యాయమా అని. కొన్నిటికి వివరంగా, కొన్నిటికి క్లుప్తంగా జవాబిస్తున్నాను.

*

మా క్యాంపులో నలుగురం స్నేహితులం. స్పైడర్‌మాన్‌కు వెబ్ ఒంట్లోంచే వస్తుందని ఇద్దరం, మణికట్టుకు కట్టుకున్న మిషన్‌లోంచి వస్తుందని ఇద్దరం వాదించుకుంటున్నాం. సినిమాల్లో రెండూ చూశాం. అసలు కామిక్‌లో ఏముంది? ఏది కరెక్టో మీరే తేల్చాలి.
- డిగ్రీ విద్యార్థి, సింధనూరు తాలూకా

మిషన్ అన్నవాళ్లదే కామిక్ పక్షం. 1962 ఆగస్టు నాటి ‘అమేజింగ్ ఫాంటసీ’ 15వ సంచికలో స్టాన్ లీ రాసి, స్టీవ్ డిట్కో బొమ్మలు వేసిన 11 పేజీల కథ స్పైడర్‌మాన్‌కు పుట్టిల్లు. అందులో సాలీడు కుట్టినందువల్ల పీటర్ పార్కర్‌కు బలం వచ్చింది, గోడలు పాకడం వచ్చింది. దారం మాత్రం రాలేదు. సైన్సు బాగా వచ్చిన కుర్రాడు కాబట్టి జిగురు ద్రవం తనే తయారుచేసుకుని, మణికట్టు దగ్గర పెట్టుకునే పరికరంలో నింపుకున్నాడు. 2002లో శామ్ రైమీ తీసిన సినిమా దాన్ని మార్చి, దారం ఒంట్లోంచే వచ్చేటట్టు చేసింది. 2012లో వచ్చిన ‘ది అమేజింగ్ స్పైడర్‌మాన్’, 2017లో వచ్చిన ‘హోమ్‌కమింగ్’ మళ్లీ పరికరానికే తిరిగివెళ్లాయి. కాబట్టి మీ నలుగురిలో అబద్ధం ఆడినవాళ్లెవరూ లేరు.

ఈ మార్పు నాకు అభ్యంతరం కాదు. పోయిందేమిటో చెబుతాను. కామిక్‌లో ఆ పరికరంలో ద్రవం అయిపోతూ ఉంటుంది, అదీ సరిగ్గా శత్రువు ఎదురుగా ఉన్నప్పుడు. జేబులో డబ్బుల్లేని కుర్రాడు మళ్లీ సరుకులు తెచ్చి కలుపుకోవాలి. ఆ పేదరికం, ఆ తెలివి రెండూ సినిమాలో తగ్గాయి. బదులుగా వచ్చింది కూడా చిన్నదేమీ కాదు. 2004 నాటి రెండో సినిమాలో పీటర్ మనసు విరిగిపోయి ఉంటాడు. మేడల మధ్య గాల్లో ఊగుతుండగా చేతిలోంచి దారం రాదు, దభీమని కిందపడతాడు. లోపలి దిగులు ఒంటిమీదికి ఎలా వస్తుందో చూపించిన ఆ సన్నివేశం పరికరం ఉంటే సాధ్యమయ్యేది కాదు. ఆ ఏడాదే కామిక్ వాళ్లు కూడా కొంతకాలం పీటర్‌కు ఒంట్లోంచే దారం వచ్చేటట్టు కథ మార్చుకున్నారు. అంటే పుస్తకమే సినిమా వెంట నడిచింది.

మీరు వాదించుకోవలసిన చోటు ఇంకొకటి ఉంది. అంకుల్ బెన్ చావు దగ్గర.

కామిక్‌లో ఏం జరిగిందో చూడండి. కొత్తగా వచ్చిన శక్తితో పీటర్ టీవీలో ప్రదర్శనలిచ్చి పేరు తెచ్చుకుంటాడు. స్టూడియో వరండాలో ఒక దొంగ పరుగెత్తుకొస్తుంటాడు, వెనక పోలీసు అరుస్తుంటాడు. ఒక్క చెయ్యి అడ్డం పెడితే చాలు. పీటర్ పెట్టడు. దొంగ లిఫ్టెక్కి వెళ్లిపోతాడు. ఎందుకు ఆపలేదని పోలీసు నిలదీస్తే, ఇకమీదట నా సంగతే నేను చూసుకుంటానని చెప్పి వెళ్లిపోతాడు. అతనికి ఆ దొంగ మీద కోపం లేదు, పోలీసు మీద పగ లేదు. ఎవరూ అతన్ని మోసం చెయ్యలేదు. వట్టి గర్వం, నాకెందుకులే అనే నిర్లక్ష్యం, అంతే. కొన్నాళ్లకు అదే దొంగ అతని ఇంట్లో దూరి, అతన్ని పెంచిన అంకుల్ బెన్‌ను చంపేస్తాడు.

2002 సినిమాలో కుస్తీ పోటీ పెట్టినవాడు పీటర్‌కు మూడు వేల డాలర్లు ఇస్తానని చెప్పి వంద చేతిలో పెడతాడు. మరుక్షణమే ఆ పోటీ పెట్టినవాడి డబ్బునే దొంగ ఎత్తుకుపోతాడు. పీటర్ పక్కకు తప్పుకుని దారి ఇస్తాడు. అప్పుడు హాల్లో కూర్చున్న మనం ఏమనుకుంటాం? బాగా అయింది వెధవకి అనుకుంటాం. పీటర్‌తో పాటు మనమూ ఆ దొంగను వదిలేశాం. ఇది చాలా తెలివైన మార్పు, ఎందుకంటే ప్రేక్షకుణ్ణి కూడా తప్పులో భాగస్థుణ్ణి చేసింది. కానీ దానికి ఒక ఖర్చుంది. పీటర్ చేసిన పనికి ఒక సాకు దొరికింది. కామిక్‌లో సాకు లేదు. అందుకే 11 పేజీల ఆ పాత కథ చదివితే ఇప్పటికీ గుండెలో ముల్లు దిగినట్టుంటుంది.

అసలు దెబ్బ తగిలింది 2007లో. మూడో సినిమా వచ్చి, బెన్‌ను కాల్చింది ఆ దొంగ కాదు, ఫ్లింట్ మార్కో అనే ఇంకొకడు, అదీ అనుకోకుండా కాల్చాడు అని చెప్పింది. క్షమాగుణం చూపించడానికి ఆ మార్పు చేశారు, ఉద్దేశం మంచిదే. కాని నా చేతులారా జరిగింది అనే బాధ మీద నిలబడ్డ కథకు ఆ బాధనే సగం తీసేశారు. దారం ఎక్కడినుంచి వస్తే ఏం, ఇది మాత్రం మూలానికి ద్రోహం అని నా తీర్పు.

ఇంకొక్క మాట. శక్తి ఉన్నవాడికి బాధ్యత కూడా పెద్దదే అన్న ప్రసిద్ధమైన మాట బెన్ నోట వచ్చిందని చాలామంది అనుకుంటారు. ఆ తొలి కథలో అది బెన్ అనడు. చివరి గడిలో కథకుడి వ్యాఖ్యగా ఉంటుంది. 2002 సినిమా దాన్ని కారులో కూర్చున్న బెన్ నోట పెట్టింది. 2021 నాటి ‘నో వే హోమ్’లో అది ఆంటీ మే నోట వచ్చింది. మాట ఒకటే, కాని చచ్చిపోబోయే మనిషి చెబితే దాని బరువు వేరు. ఈ మార్పు సినిమా పుస్తకానికి చేసిన మేలు.

*

నేను ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. ‘హనుమాన్’ సినిమా చూసిన మా పిల్లలు అందులోని అంజనాద్రి మన ఆనెగొంది దగ్గర కొండేనా అని అడుగుతున్నారు. అది ఏ కామిక్‌లోంచి తీశారు? అమెరికా సూపర్‌హీరోలను కాపీ కొట్టారని మా తమ్ముడంటాడు. నిజమేనా?
- ఒక ఉపాధ్యాయిని, రాయచూరు

అమ్మా, ముందు కొండ సంగతి. ఆనెగొంది దగ్గర తుంగభద్ర ఉత్తరపు ఒడ్డున ఉన్న అంజనాద్రి ఇప్పుడు కొప్పళ జిల్లాలోని గంగావతి తాలూకాలోకి వస్తుంది. 1997లో కొప్పళను వేరు జిల్లా చేసేదాకా ఆ ప్రాంతమంతా రాయచూరు జిల్లాయే. కాబట్టి మీ పిల్లల తాతలకు అది అచ్చంగా మన జిల్లా కొండ. హనుమంతుడి జన్మస్థలం అదేనని అక్కడివాళ్ల నమ్మకం. తిరుమల కొండల్లోని అంజనాద్రే జన్మస్థలమని 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం ప్రకటించాక రెండు వైపులా పెద్ద వాదమే నడిచింది. 2024 జనవరి 12న విడుదలైన ప్రశాంత్ వర్మ సినిమా ఈ వాదంలోకి వెళ్లలేదు. అందులోని అంజనాద్రి కల్పించిన ఊరు. పేరు నిజం, ఊరు ఊహ అని పిల్లలకు చెప్పండి.

ఆ సినిమాకు మూలంగా కామిక్ పుస్తకమేదీ లేదు. మూలం అంటూ వెతికితే రామాయణమే. అందువల్ల పోల్చవలసింది కూడా దానితోనే. పోల్చి చూస్తే దర్శకుడు పురాణాన్ని ఎంత శ్రద్ధగా చదివాడో తెలుస్తుంది. బాల హనుమంతుడు సూర్యుణ్ణి పండు అనుకుని ఎగిరాడు, ఇంద్రుడు వజ్రాయుధంతో కొట్టాడు. సినిమా ఆ దెబ్బకు చిందిన రక్తపు బొట్టు సముద్రంలో పడి మణి అయిందని ఒక కొత్త ముక్క కలిపింది. ఆ రుధిరమణి చిల్లర దొంగతనాలు చేసుకునే హనుమంతు అనే కుర్రాడికి దొరుకుతుంది. మణి పగలు, సూర్యకాంతి ఉన్నప్పుడే పనిచేస్తుంది. చీకటి పడితే అతను మామూలు మనిషి. సూర్యుడు హనుమంతుడికి గురువు కదా, ఆ బంధాన్ని కథలో ఇలా వాడుకున్నారు. శక్తికి హద్దు ఉండాలన్నది సూపర్‌హీరో కథల్లో పాత సూత్రం. సూపర్‌మాన్‌కు క్రిప్టోనైట్ లాంటిది. ఆ సూత్రాన్ని తీసుకుని మన పురాణంలోని సరుకుతోనే నింపారు. దీన్ని కాపీ అనను.

మీ తమ్ముడికి ప్రత్యేకంగా చూపించవలసింది ప్రతినాయకుడు మైకేల్‌ని. చిన్నప్పటి నుంచి వాడికి సూపర్‌హీరోల పిచ్చి. తను ఆరాధించే వీరులందరికీ తల్లిదండ్రులు లేరని గమనిస్తాడు. 1939లో డిటెక్టివ్ కామిక్స్ 33వ సంచికలో చెప్పిన బాట్‌మాన్ కథ తెలిసినవాళ్లకు ఇది వెంటనే తడుతుంది. చిన్న బ్రూస్ వేన్ కళ్లముందే వీధిలో ఒక దొంగ తల్లిని, తండ్రిని కాల్చేస్తాడు. ఆ దుఃఖంలోంచి బాట్‌మాన్ పుట్టాడు. మైకేల్‌కు అర్థమైంది మాత్రం వేరు. తల్లిదండ్రులు పోతే సూపర్‌హీరో అవుతారు అని లెక్క కట్టి, కన్నవాళ్లనే చంపేస్తాడు. పెద్దయ్యాక మంచి సూట్లు, ఖరీదైన యంత్రాలు సంపాదిస్తాడు. వేషమంతా ఉంటుంది. బ్రూస్ వేన్‌కు దుఃఖం జరిగింది, మైకేల్ దుఃఖాన్ని తయారుచేసుకోబోయాడు. కథల ఆకారం చూసి ప్రాణం చూడని అభిమాని ఎలా తయారవుతాడో మన తెలుగు సినిమాయే ఇంత సూటిగా చెప్పింది. ఆ మొదటి పది నిమిషాలు నాకు సినిమాలో అన్నిటికంటే విలువైనవి. మధ్యలో ఊరి హాస్యం సాగింది, అది ఒప్పుకోవాలి.

దీనికి కొనసాగింపుగా ప్రకటించిన ‘జై హనుమాన్’లో కన్నడ నటుడు రిషబ్ శెట్టి హనుమంతుడిగా కనిపించబోతున్నారని 2024 అక్టోబరులో చెప్పారు. కన్నడం, తెలుగు రెండూ ఇంట్లో వినిపించే మీ పిల్లలకు ఇది ఆనందమే.

*

ఎన్టీఆర్ ‘సూపర్‌మాన్’ అమెరికా సూపర్‌మాన్‌కు రీమేకా?
- మాన్వి పాఠకుడు

పేరు అక్కడిది, కథ ఇక్కడిది. అమెరికా సూపర్‌మాన్ 1938 జూన్ నాటి యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో పుట్టాడు. వేరే గ్రహం నుంచి వచ్చిన బిడ్డ. క్రిస్టఫర్ రీవ్ నటించిన సినిమా 1978లో వచ్చింది. వి.మధుసూదనరావు దర్శకత్వంలో మన సినిమా 1980లో వచ్చింది. ఇందులో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లవాడికి శక్తి ఆంజనేయుడి వరంగా వస్తుంది. ‘హనుమాన్’ కంటే 44 ఏళ్ల ముందే తెలుగు సినిమా సూపర్‌హీరోను హనుమంతుడి దగ్గరికి పంపింది. ఒకే ఒక్క తేడా చెబుతాను. ఎన్టీఆర్ సినిమాలో ఆ శక్తి పగ తీర్చుకోవడానికి ఉపయోగపడింది. అమెరికా సూపర్‌మాన్‌కు తీర్చుకోవలసిన పగే లేదు, ఆపదలో ఉన్నవాళ్లను కాపాడటమే అతని పని. మన మాస్ సినిమాకు పగ కావాలి కాబట్టి అలా మార్చుకున్నారు.

*

నాన్న రైతు. మా పొలం తుంగభద్ర ఎడమగట్టు కాలువ టెయిలెండ్‌లో ఉంది. నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. ‘ఇన్ఫినిటీ వార్’ చూశాక థానోస్ చెప్పింది కరెక్టేనేమో అనిపించింది. నీళ్లు తక్కువ, జనం ఎక్కువ. కామిక్‌లో కూడా ఇదే కారణమా? మా సీనియర్ కాదంటున్నాడు.
- రాయచూరు తాలూకా

మీ సీనియర్ చెప్పింది నిజం. 1991లో జిమ్ స్టార్లిన్ రాసిన ‘ది ఇన్ఫినిటీ గాంట్లెట్’ ఆరు సంచికల కథ. జార్జ్ పెరెజ్, ఆ తర్వాత రాన్ లిమ్ బొమ్మలు వేశారు. అందులో థానోస్ మృత్యువును ప్రేమిస్తాడు. ఆ కథలో మృత్యువు ఒక స్త్రీ రూపం, అతనితో నోరు విప్పి మాట్లాడదు. ఆమె మెప్పు కోసం చిటికె వేసి సృష్టిలో సగం ప్రాణులను తుడిచేస్తాడు. అదీ మొదటి సంచికలోనే. సినిమా ఆ చిటికెను 2018లో కథ చివరికి జరిపి, 2019 నాటి ‘ఎండ్‌గేమ్’ దాకా మనల్ని ఊపిరి బిగబట్టించింది. కారణాన్ని కూడా మార్చింది. వనరులు తక్కువ, తినే నోళ్లు ఎక్కువ, సగం పోతే మిగతా సగం సుఖంగా ఉంటుంది అనేది సినిమా థానోస్ సిద్ధాంతం. తెలుగులో ఆ మాటలు రానా దగ్గుబాటి గొంతులో వచ్చేసరికి ఇంకా నిజంలా వినిపించాయి.

మార్పు వల్ల సినిమాకు లాభమే జరిగింది. ప్రేమ కోసం లోకాన్ని చంపేవాడు మనకు దూరంగా ఉంటాడు. వనరుల లెక్క చెప్పేవాడు నీలాంటి తెలివైన కుర్రాడి చేత కూడా అవుననిపించాడు. ప్రతినాయకుడంటే అలా ఉండాలి. కాని నాయనా, ఆ లెక్క తప్పు. నువ్వు ఇంజనీరువి కాబోతున్నావు కాబట్టి వివరంగా చెబుతాను.

సినిమా వచ్చిన 2018లో భూమ్మీద జనం సుమారు 760 కోట్లు. అందులో సగం అంటే 380 కోట్లు. ప్రపంచ జనాభా 1970ల తొలినాళ్లలో ఉన్నది అంతే. థానోస్ చిటికె వేస్తే మనం చేరేది స్వర్గానికి కాదు, 1972 ప్రాంతానికి. ఆ ఏడాది దక్కనులో ఎంత కరువు వచ్చిందో మీ తాతగారిని అడుగు. జనం సగమే ఉన్నారు, ఆకలి సగం కాలేదు.

మీ పొలం సంగతే తీసుకో. టెయిలెండ్‌కు నీళ్లు రాకపోవడం జనం ఎక్కువై జరిగిందా? పైన ఉన్నవాళ్లు మోటార్లు పెట్టి లాగుతారు, తక్కువ నీళ్లతో పండే పైర్లు వెయ్యమన్న చోట వరి వేస్తారు. కాలువలో పూడిక పేరుకుంటుంది, డ్యాములోనే పూడిక చేరి నిల్వ తగ్గింది. కాలువ మీద రైతుల్ని సగానికి తగ్గించినా పైవాడు లాగడం మానకపోతే చివరి మడికి నీళ్లు రావు. పంపకంలో ఉన్న జబ్బుకు మనుషుల లెక్కలో మందు వెతికాడు థానోస్. నేను ఆ సినిమాను మెచ్చుకుంటాను, అయితే ఒక లోటు చెప్పక తప్పదు. సినిమాలో అతనితో పోట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, నీ లెక్క తప్పు అని ఓపిగ్గా చెప్పేవాళ్లు లేరు. కామిక్‌లో అతని కారణం పిచ్చిప్రేమ కాబట్టి జవాబు చెప్పే అవసరం రాలేదు. కారణాన్ని మార్చినప్పుడు జవాబు కూడా రాయాలి. అది రాయలేదు.

నీకు నచ్చే సంగతి ఇంకొకటి. కామిక్ చివర థానోస్ అన్నీ వదిలేసి ఒక మారుమూల గ్రహం మీద రైతుగా బతుకుతుంటాడు. తన యుద్ధ కవచాన్ని చేలో కర్రకు తగిలించి దిష్టిబొమ్మగా నిలబెడతాడు. సినిమా వాళ్లు ఇంత మార్చినా దీన్ని మాత్రం పోనివ్వలేదు. ‘ఎండ్‌గేమ్’ మొదట్లో అతని గుడిసె, తోట, కర్రకు వేలాడే కవచం అన్నీ కనిపిస్తాయి. ఈసారి చూసినప్పుడు గమనించు.

*

హట్టి గనుల్లో పనిచేసి రిటైరయ్యాను. చిన్నప్పుడు ఇంద్రజాల్ కామిక్స్‌లో ఫాంటమ్‌ని ఆరాధించాను. ఈమధ్య మనవడు 1996 నాటి ఇంగ్లీషు సినిమా చూపించాడు. మా ఫాంటమ్ కాదనిపించింది. సినిమా వాళ్లు అసలు పుస్తకానికి కట్టుబడి ఉంటే ఎంత బాగుండేది!
- లింగసుగూరు

పెద్దవారు, మీ ప్రేమ నాకర్థమవుతుంది. కాని ఆ సినిమా అసలుకు దగ్గరగానే ఉంది. లీ ఫాక్ 1936 ఫిబ్రవరిలో అమెరికా దినపత్రికల్లో మొదలుపెట్టిన తొలి కథల్లోంచే దాని సంగతులు తీసుకున్నారు. కథాకాలాన్ని కూడా 1938లోనే ఉంచారు. ఊదారంగు దుస్తులు, పుర్రె ఉంగరం, తెల్లగుర్రం, తోడేలు అన్నీ ఉన్నాయి. బిల్లీ జేన్ ఆ పాత్రను గౌరవంతోనే చేశాడు.

మీరు చదివిందే మార్చిన ఫాంటమ్. 1964 మార్చిలో టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్లు ఇంద్రజాల్ కామిక్స్ మొదలుపెట్టినప్పుడు దినపత్రికల్లో రోజుకు కొన్ని గళ్లుగా వచ్చిన కథలను పుస్తకం పేజీలకు సరిపడేలా సర్దారు. ఫాంటమ్ ఉండే దేశాన్ని డెంకాలి అన్నారు. సముద్రదొంగల ముఠా పేరు సింగ్ అయితే మనవాళ్ల మనసు నొచ్చుకుంటుందని సింగా చేశారు. సినిమా వాళ్లు కూడా అదే ఇబ్బంది పడి సెంగ్ అని మార్చారు. మీ ఇంద్రజాల్ సంచికలు మనదేశం కోసం శ్రద్ధగా చేసిన మార్పులు. అవి మీకు అసలు కంటే ప్రియం కావడంలో తప్పు లేదు. ఎవరికి ముందు ఏది చేతికందితే వాళ్లకు అదే అసలు అవుతుంది. అయితే అడవిజనానికి తెల్లవాడే తరతరాలుగా రక్షకుడు అన్న పాత ఊహను పుస్తకమూ ప్రశ్నించలేదు, 1996లో తీసిన సినిమా కూడా ప్రశ్నించలేదు. ఆ మార్పు ఎవరో ఒకరు చెయ్యవలసింది. మనవడితో ఈ మాట కూడా మాట్లాడండి.

*

‘అక్రాస్ ద స్పైడర్-వర్స్’లో పవిత్ర్ ప్రభాకర్ నా ఫేవరెట్. అతనికి వేరే కామిక్ ఉందని, అందులో ధోవతి కట్టుకుంటాడని విన్నాను. ఏది బెటర్? ఇంకో డౌట్. ‘కానన్ ఈవెంట్’ అంటే మూలకథలో ఉన్నది మార్చకూడదనేనా?
- పీయూసీ విద్యార్థిని, రాయచూరు

ఉంది. శరద్ దేవరాజన్, సురేశ్ సీతారామన్, జీవన్ జె.కాంగ్ కలిసి చేసిన ‘స్పైడర్-మాన్: ఇండియా’ 2004లో మన దేశంలో వచ్చింది. నాలుగు సంచికలు. పల్లెటూరి కుర్రాడు స్కాలర్‌షిప్ మీద ముంబై వస్తాడు. సాలీడు కుట్టదు, ఒక యోగి శక్తి ఇస్తాడు. నడుముకు ధోవతి కట్టు. పైపైన చూస్తే అమెరికా కథకు ఇన్ని మార్పులా అనిపిస్తుంది. కాని ఒకచోట చూడు. కొందరు పోకిరీలు ఒక అమ్మాయి మీద పడితే పవిత్ర్ పట్టించుకోకుండా వెళ్లిపోతాడు. అతని బాబాయి భీమ్ ఆమెను కాపాడబోయి కత్తిపోటుకు చనిపోతాడు. పైన సింధనూరు విద్యార్థికి చెప్పిన సాకులేని తప్పు ఇక్కడ యథాతథంగా ఉంది. ఇంకా బరువెక్కింది కూడా, ఎందుకంటే తను చెయ్యవలసిన పని చెయ్యబోయే బాబాయి పోయాడు. వేషం, ఊరు, శక్తి వచ్చిన దారి అన్నీ మార్చి ప్రాణాన్ని నిలబెట్టిన రచన అది.

2023 సినిమాలో పవిత్ర్ హుషారైన కుర్రాడు, ముంబట్టన్ నగరం కళ్లు చెదిరేటట్టు ఉంది. తెలుగులోనూ కన్నడంలోనూ వచ్చింది. అతని దుఃఖానికి మాత్రం సినిమాలో చోటు దొరకలేదు. బొమ్మకు సినిమా, మనసుకు కామిక్ అని నా ఓటు.

నీ రెండో ప్రశ్న చాలా మంచిది. 1970లో అమెరికా స్పైడర్‌మాన్ కామిక్ 90వ సంచికలో పోలీసు కెప్టెన్ జార్జ్ స్టేసీ చనిపోయాడు. 1973 జూన్ నాటి 121వ సంచికలో అతని కూతురు గ్వెన్‌ను గ్రీన్ గాబ్లిన్ వంతెన మీదినుంచి తోసేస్తే, పీటర్ దారం వేసి పట్టుకున్నాడు, పట్టుకున్నా బతకలేదు. ఆ రోజుల్లో పాఠకులు తట్టుకోలేకపోయారు. 2002 సినిమా అదే వంతెన సన్నివేశాన్ని తీసుకుని అమ్మాయిని బతికించింది. 2014 సినిమా గ్వెన్‌ను చంపింది. అంటే ఆ చావు జరగాలా వద్దా అని సినిమా వాళ్లే తేల్చుకోలేదు. 2023 సినిమాలో మిగెల్ ఓహారా అనే ఇంకో స్పైడర్‌మాన్ ఏమంటాడు? ప్రతి స్పైడర్‌మాన్ జీవితంలో దగ్గరి పోలీసు కెప్టెన్ చనిపోవాలి, ఆపితే లోకాలే కూలిపోతాయి అంటాడు. ముంబట్టన్‌లో పవిత్ర్ ప్రియురాలు గాయత్రి తండ్రి ఇన్‌స్పెక్టర్ సింగ్‌ను ఈ సినిమా హీరో మైల్స్ కాపాడితే కోప్పడతాడు. పుస్తకంలో ఉన్నట్టే ఉండాలని పట్టుబట్టే అభిమానిని పాత్రగా చేసి తెరమీద నిలబెట్టారు. అతనికి ఎదురుగా, మా నాన్నను చావనివ్వను అనే మైల్స్‌ని నిలబెట్టారు. నా అభిప్రాయం అడిగితే, మైల్స్ వైపే ఉంటాను. కథకు ప్రాణం చావులో లేదు, కాపాడాలని ప్రాణం పెట్టి పరుగెత్తడంలో ఉంది.

*

మా అబ్బాయి ఏడో తరగతి. సినిమాలు చూసి ఇంగ్లీషు కామిక్స్ కొనమంటున్నాడు. చదువు పాడవుతుందేమోనని భయం. మాన్పించమంటారా?
- ఒక తల్లి, దేవదుర్గ

మాన్పించకండమ్మా. బొమ్మల్లో ఒక గడికీ ఇంకో గడికీ మధ్య జరిగింది పిల్లవాడే ఊహించుకోవాలి. సినిమాలో ఆ పని తెరే చేసేస్తుంది. అందుకే సినిమా చూసిన కథను పుస్తకంలో చదవడం వేరే అభ్యాసం. వయసుకు మించిన హింస ఉన్నవి కొన్ని ఉంటాయి, కొనేముందు మీరొకసారి పేజీలు తిప్పి చూడండి. ఇంగ్లీషు పూర్తిగా రాకపోయినా ఫరవాలేదు, రాత్రి పడుకోబోయేముందు ఆ కథను మీకు తెలుగులో చెప్పమనండి. ఇంట్లో పాత చందమామలు ఉంటే శంకర్ గారు బొమ్మలు వేసిన బేతాళ కథలు కూడా పక్కన పెట్టండి. ఈ వేసవి సెలవుల్లో ఒక్క కథ అయినా పుస్తకం ముందు, సినిమా తర్వాత అన్న వరసలో చూపించి, అతనికి ఏది నచ్చిందో ఎందుకు నచ్చిందో ఒక కాగితం మీద రాయించి మాకు పంపండి. పిల్లల ఉత్తరాలకు వచ్చే నెల ఇదే శీర్షికలో జవాబిస్తాను.